డకోటా: యుద్ధకాలపు రవాణా విమానం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైనికులను, తిండిని, తూటాలను, క్షతగాత్రులను మోసిన డగ్లస్ సి-47 విమానం మన దేశంలో డకోటా అనే పేరుతోనే ఎక్కువగా పరిచయం. యుద్ధం ముగిశాక భారత వైమానిక దళంలో దాదాపు నాలుగు దశాబ్దాలు ఎగిరిన ఈ విమానం గురించి వినవచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ప్రచారంలో ఉన్న కొన్ని పొరపాటు కథలను కూడా వీలైన చోట సరిదిద్దాము.

డీసీ-3, సి-47, డకోటా: ఇవి మూడూ ఒకటేనా?

మూలం ఒకటే. డీసీ-3 అనేది అమెరికాలోని డగ్లస్ సంస్థ ప్రయాణికుల కోసం తయారు చేసిన విమానం. దానినే సైనిక రవాణాకు అనుగుణంగా మార్చినప్పుడు అమెరికా సైన్యం సి-47 అని సంఖ్య ఇచ్చి, స్కైట్రెయిన్ అని పేరు పెట్టింది. అదే విమానం బ్రిటిష్ వైమానిక దళం చేతికి వచ్చేసరికి డకోటా అయింది. మన వైమానిక దళం బ్రిటిష్ పద్ధతుల్లో పెరిగింది కనుక మనకు ఆ పేరే అలవాటైంది. యుద్ధం తర్వాత సైన్యం అమ్మేసిన సి-47లను పౌర విమాన సంస్థలు కొని ప్రయాణికుల కోసం మార్చుకోవడం వల్ల, పాత ఫోటోలో కనిపించే విమానం పుట్టుకతో డీసీ-3నా, రూపం మార్చుకున్న సి-47నా అని పోల్చుకోవడం తెలిసినవారికి కూడా అంత సులువు కాదు. అమెరికన్ సైనికులు దీనిని ముద్దుగా గూనీ బర్డ్ అనేవారు. అది పసిఫిక్ దీవుల్లో కనిపించే ఆల్బట్రాస్ పక్షికి వాడుక పేరు.

డకోటా అనేది ఆంగ్ల అక్షరాల పొడి పేరు అంటారు, నిజమేనా?

డగ్లస్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే మాటల తొలి అక్షరాలను కలిపి ఈ పేరు కట్టారని చాలా చోట్ల కనిపిస్తుంది. అక్షరాలు కుదురుతాయి కానీ, పేరు పెట్టాక ఎవరో తీరిగ్గా అల్లిన వివరణలా అనిపిస్తుంది. బ్రిటిష్ వైమానిక దళం అమెరికా నుంచి తెచ్చుకున్న విమానాలకు హడ్సన్, బాల్టిమోర్ వంటి అమెరికా పేర్లు పెట్టడం ఆ కాలంలో మామూలే. డకోటా అనేది అక్కడి ఒక ఆదివాసీ జాతి పేరు, రెండు రాష్ట్రాల పేరు కూడా.

ప్రయాణికుల విమానం సైన్యంలోకి ఎలా వచ్చింది?

1930ల మొదట్లో అమెరికాలో విమాన ప్రయాణం ఖరీదైనది, అలసట పెట్టేది. డగ్లస్ సంస్థ 1933లో డీసీ-1ను, మరుసటి ఏడాది డీసీ-2ను ఎగరవేసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్, రాత్రి ప్రయాణంలో పడుకోవడానికి బెర్తులు పట్టేంత వెడల్పైన విమానం కావాలని డొనాల్డ్ డగ్లస్‌ను పట్టుబట్టి ఒప్పించాడు. డీసీ-2 ఒడలిని వెడల్పు చేసి, రెక్కలు పొడిగించి ఆర్థర్ రేమండ్ నాయకత్వంలోని ఇంజనీర్లు తయారు చేసిన ఆ స్లీపర్ విమానం 1935 డిసెంబర్ 17న శాంటా మోనికాలో తొలిసారి ఎగిరింది. రైట్ సోదరుల తొలి విమానయానానికి సరిగ్గా 32 ఏళ్ళు నిండిన రోజది. పడకలు తీసి సీట్లు వేస్తే 21 మంది కూర్చోగలిగేవారు. టపా సంచుల మీద ఆధారపడకుండా ప్రయాణికుల టికెట్ల మీదే లాభం తెచ్చిన విమానంగా అది విమాన సంస్థల మన్నన పొందింది.

నిద్రపోయే ప్రయాణికుల కోసం పెంచిన ఆ వెడల్పే తర్వాత సైన్యానికి కలిసివచ్చింది. సైనిక రూపమైన సి-47 తొలిసారి ఎగిరింది 1941 డిసెంబర్ 23న, అంటే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి రెండు వారాలు దాటిన తర్వాత. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లోను, ఓక్లహోమా సిటీలోను కర్మాగారాలు వీటిని పెద్ద సంఖ్యలో తయారు చేశాయి. పౌర, సైనిక రూపాలు కలిపి అమెరికాలోనే 10,000కు పైగా తయారయ్యాయి.

సైన్యం కోసం ఏమేమి మార్చారు?

అన్నిటికంటే ముఖ్యమైనది తలుపు. ఎడమవైపు వెనక భాగంలో రెండు రెక్కల పెద్ద తలుపు పెట్టారు. దాని గుండా జీపును కూడా లోపలికి ఎక్కించవచ్చు. బరువులకు తట్టుకునేలా నేలను బలపరిచి, సరకును తాళ్ళతో కట్టడానికి కొక్కేలు అమర్చారు. మెత్తని సీట్ల స్థానంలో రెండు గోడల వెంట మడత పెట్టగలిగే లోహపు బల్లలు వచ్చాయి. విమానం పైభాగంలో నావిగేటర్ నక్షత్రాలను చూసి దారి లెక్కగట్టుకోవడానికి చిన్న గాజు బుడగ ఉంటుంది. ఈ విమానం చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టాలన్నీ ఆ తలుపు దగ్గరే జరిగాయని నా అభిప్రాయం. పారాట్రూపర్లు దూకింది, బియ్యం బస్తాలు తోసింది, స్ట్రెచర్లు ఎక్కించింది, చివరికి కాశ్మీర్‌లో బాంబులు దొర్లించింది కూడా అక్కడి నుంచే.

తోక కింద చక్రం ఉన్న విమానం కనుక నేల మీద నిలబడినప్పుడు ముందు భాగం ఎత్తుగా, వెనక భాగం పల్లంగా ఉంటుంది. తలుపులోంచి ఎక్కినవారు పైలట్ గది వైపు వెళ్ళాలంటే చిన్న గట్టు ఎక్కినట్టు నడవాలి. సరకు ఎక్కించే కూలీలకు ఇది ప్రతిరోజూ అనుభవమే: బరువైన పెట్టెను ఆ ఏటవాలు మీద ముందుకు నెట్టి, జారకుండా కట్టి, మళ్ళీ తలుపు దగ్గరకు రావాలి.

ఎంత బరువు మోసేది, ఎంత వేగంతో పోయేది?

14 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజన్లు రెండు ఉండేవి. ఒక్కొక్కటి 1,200 హార్స్‌పవర్. రెక్కల చివరి నుంచి చివరికి 95 అడుగులు, పొడవు సుమారు 64 అడుగులు. మామూలు వేగం గంటకు 160 మైళ్ళు. 6,000 పౌన్లు, అంటే దాదాపు 2,700 కిలోల సరకు, లేదా 28 మంది సైనికులు కాగితం మీది హద్దు. యుద్ధంలో ఆ కాగితాన్ని లెక్కచేసినవారు తక్కువ. 1942 మే నెలలో బర్మాలోని మిచీనా పట్టణం జపాన్ చేతికి చిక్కబోతున్నప్పుడు, చైనా జాతీయ విమాన సంస్థ పైలట్ మూన్ చిన్ 21 సీట్ల డీసీ-3లో 70 మందికి పైగా ఎక్కించుకుని కలకత్తా చేరాడు. వారిలో, కొద్ది రోజుల ముందే టోక్యో మీద బాంబులు వేసి వచ్చిన అమెరికన్ అధికారి జిమ్మీ డూలిటిల్ కూడా ఉన్నాడు.

ఆ నెలల్లో బర్మా నుంచి విమానంలో బయటపడగలిగింది అదృష్టవంతులైన కొద్దిమందే. రంగూన్ ఓడరేవులోను, బియ్యం మిల్లుల్లోను పనిచేస్తున్న తెలుగు కూలీలతో సహా లక్షలాది భారతీయులు అరకాన్ దారిలోను, మణిపూర్ కొండల మీదుగాను కాలినడకన బయలుదేరారు. దారిలో ఆకలికి, జబ్బుకు వేలాదిమంది చనిపోయారు. ఉత్తర కోస్తా ఊళ్ళలో రంగూన్ నుంచి నడిచి వచ్చిన తాతల కథలు ఉన్న ఇళ్ళకు ఈ సంగతి కొత్త కాదు.

అంత గట్టి విమానమా?

ఒక్క ఉదాహరణ చాలు. 1941లో చైనాలోని సుయీఫూ దగ్గర నేల మీద ఉన్న ఒక డీసీ-3 కుడి రెక్కను జపాన్ విమానాలు బాంబు వేసి నాశనం చేశాయి. అదే రకం రెక్క దొరకక, హాంగ్‌కాంగ్‌లో ఉన్న డీసీ-2 రెక్కను మరో విమానం పొట్ట కింద కట్టి తెచ్చి దీనికి బిగించారు. అది ఎడమ రెక్క కంటే ఐదు అడుగులు పొట్టి. అయినా ఆ విమానం ఎగిరి హాంగ్‌కాంగ్ చేరింది. దానికి డీసీ-రెండున్నర అని పేరు వచ్చింది.

ఆయుధాలు ఉండేవా?

ఉండేవి కావు. తుపాకీ లేదు, కవచం లేదు, చాలా విమానాలకు గుండు తగిలితే తనంతట తాను మూసుకునే ఇంధన ట్యాంకులు కూడా లేవు. పారాట్రూపర్లను దించాలంటే కొన్ని వందల అడుగుల ఎత్తుకు దిగి, వేగం తగ్గించి, వంకర తిరగకుండా నేరుగా పోవాలి. నేల మీద ఉన్న తుపాకీకి అంతకంటే సులువైన గురి ఉండదు. తలుపు పక్కన ఎర్ర దీపం వెలగగానే సైనికులు లేచి, పారాచూట్ పట్టీ కొక్కేన్ని పైనున్న తీగకు తగిలించి, ఒకరి సామాను ఒకరు తడిమి చూసుకుని నిలబడేవారు. ఆకుపచ్చ దీపం వెలిగేదాకా ఆ ఎర్ర వెలుతురులో నిలబడి ఉండటమే అన్నిటికంటే కష్టమైన పని.

ఆ నలుపు తెలుపు చారలు ఎందుకు వేశారు?

1944 నాటి ఫోటోల్లో డకోటా రెక్కల మీద, తోక దగ్గర మూడు తెల్ల చారలు, రెండు నల్ల చారలు కనిపిస్తాయి. వాటి వెనక ఒక ఏడాది ముందు జరిగిన ఘోరం ఉంది. 1943 జూలై 11 రాత్రి ఇటలీ దీవి సిసిలీలో తమ సేనకు బలం చేకూర్చడానికి 144 విమానాలు అమెరికన్ పారాట్రూపర్లను ఎక్కించుకుని బయలుదేరాయి. అంతకు కొంచెం ముందే జర్మన్ విమానాలు ఆ తీరం మీద బాంబులు వేసి వెళ్ళాయి. మళ్ళీ ఇంజన్ల మోత వినగానే తీరంలోని అమెరికన్ ఓడలు, ఫిరంగి దళాలు చీకట్లో తమవారి మీదే కాల్పులు మొదలుపెట్టాయి. 23 విమానాలు కూలిపోయాయి, మరెన్నో దెబ్బతిన్నాయి.

అందుకే ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడికి కొద్ది రోజుల ముందు, ఎంత దూరం నుంచైనా తమ విమానమని గుర్తుపట్టేలా ఒక్కొక్కటి రెండు అడుగుల వెడల్పుతో చారలు వేయమని ఆదేశాలు వచ్చాయి. రహస్యం బయటపడకూడదు కనుక ముందుగా వేయడానికి లేదు. దొరికిన కుంచెతో, కొన్ని చోట్ల చీపురుతో కూడా, ఆదరాబాదరాగా పూశారు. ఇప్పుడు ప్రదర్శనశాలల్లో ఉన్న విమానాల మీద గీత గీసినట్టుండే చారల కంటే అప్పటి అసలు చారలు ఎంతో వంకర టింకరగా ఉండేవి. 1944 జూన్ 5 రాత్రి 800కు పైగా సి-47లు సుమారు 13,000 మంది అమెరికన్ పారాట్రూపర్లను మోసుకుని ఇంగ్లండ్ నుంచి బయలుదేరాయి. మబ్బుల వల్ల, కాల్పుల వల్ల వరుసలు చెదిరి, చాలామంది దిగవలసిన చోటికి మైళ్ళ దూరంలో దిగారు.

డకోటా పైలట్లకు శౌర్య పతకాలు వచ్చాయా?

చాలా వచ్చాయి. ఒక్కరి గురించే చెబుతాను. 1944 సెప్టెంబర్ 19న నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ దగ్గర చిక్కుకున్న బ్రిటిష్ సేనకు సామగ్రి వేయడానికి వెళ్ళిన ఫ్లైట్ లెఫ్టినెంట్ డేవిడ్ లార్డ్ విమానానికి గమ్యం ఇంకా కొన్ని నిమిషాల దూరంలో ఉండగానే కుడి ఇంజన్‌కు మంట అంటుకుంది. వెనుదిరగకుండా వెళ్ళి సరకు వేశాడు. రెండు పెట్టెలు ఇంకా మిగిలాయని తెలిసి, మండుతున్న రెక్కతోనే చుట్టు తిరిగి వచ్చి అవి కూడా వేశాడు. తర్వాత సిబ్బందిని దూకమన్నాడు. అంతలోనే రెక్క విరిగింది. నావిగేటర్ ఒక్కడే బతికాడు. ఆ స్థలం అప్పటికే జర్మన్ల చేతికి పోయిందనీ, ఆ సామగ్రిలో చాలా భాగం శత్రువుకే చేరిందనీ లార్డ్‌కు తెలిసే అవకాశం లేదు. జర్మన్ల చెరనుంచి ఆ నావిగేటర్ తిరిగి వచ్చి చెప్పాకే విషయం బయటికి వచ్చింది, లార్డ్‌కు మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించింది. అంతకు ముందు ఆయన కొన్నేళ్ళు మన దేశంలోనే ఉండి, 31వ స్క్వాడ్రన్‌లో బర్మా మీదుగా ఎగిరాడు.

బర్మా యుద్ధంలో డకోటాల పాత్ర ఏమిటి?

ఐరోపాలో డకోటా ముఖ్యంగా దాడి మొదలయ్యే రాత్రి పని చేసింది. బర్మాలో మాత్రం ప్రతి పూట భోజనం దాని మీదే ఆధారపడింది. అడవి, కొండ, వాన కలిసి రోడ్డు అనేదే లేని చోట, జపాన్ సైన్యం చుట్టుముట్టగానే వెనక్కి తగ్గడం 1942లో బ్రిటిష్, భారతీయ దళాలకు తప్పలేదు. బ్రిటిష్ 14వ సైన్యానికి అధిపతి అయిన విలియం స్లిమ్ ఈ లెక్క మార్చాడు. చుట్టుముట్టినా కదలకుండా నిలబడండి, తిండి, తూటాలు ఆకాశం నుంచి వస్తాయి అన్నాడు. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లో 7వ భారతీయ డివిజన్ అలాగే నిలబడి గెలిచింది. మార్చిలో 5వ భారతీయ డివిజన్‌ను ఫిరంగులతో, కంచరగాడిదలతో సహా అరకాన్ రంగం నుంచి ఎత్తి ఇంఫాల్ వైపు దించారు. ఒక రంగంలో పోరాడుతున్న డివిజన్‌ను విమానాల్లో మరో రంగానికి తరలించడం అప్పటికి ఎవరూ చూడని సంగతి. ఇంఫాల్‌కు రోడ్డు తెగిపోయిన దాదాపు మూడు నెలలూ విమానాలే ఆ మైదానాన్ని బతికించాయి. వచ్చేటప్పుడు సరకు తెచ్చి, పోయేటప్పుడు గాయపడినవారిని, యుద్ధంలో పనిలేని జనాన్ని తీసుకుపోయేవి.

సరకు వేయడంలో మన గోనె సంచికి ఒక గౌరవప్రదమైన స్థానం ఉంది. బియ్యం, పశువుల దాణా వంటివాటికి పారాచూట్ ఉండేది కాదు. బిగువుగా నింపిన సంచిని మరో వదులైన సంచిలో పెట్టి కుట్టేవారు. నేలను తాకినప్పుడు లోపలి సంచి చిట్లినా గింజలు బయటి సంచిలోనే ఉండిపోయేవి. పగిలిపోయే సరకుకు మాత్రం పారాచూట్ తప్పదు, పట్టు పారాచూట్లు చాలినన్ని లేవు. అప్పుడు స్లిమ్ మనుషులు కలకత్తా జనపనార మిల్లులను ఆశ్రయించారు. నెల తిరగకుండా జనపనార పారాచూట్ తయారైంది. పట్టుది 20 పౌన్ల పైన ఖరీదు చేస్తే, ఇది ఒక పౌను కంటే కొంచెం ఎక్కువకే వచ్చింది. మనుషులు దూకడానికి నమ్మదగినది కాదు కానీ, మాంసం డబ్బాలకు, తూటాల పెట్టెలకు సరిపోయింది. దానికి పారాజూట్ అని పేరు పెట్టారు.

తలుపు దగ్గర నిలబడి బస్తాలు తోసేవారి సంగతి ఎవరూ పెద్దగా రాయరు. కొండల మధ్య చిన్న ఖాళీ స్థలం మీద విమానం ఒక చుట్టులో వేయగలిగింది కొన్ని బస్తాలే కనుక, మళ్ళీ మళ్ళీ చుట్టు తిరగాలి. ప్రతి చుట్టులోనూ గంట మోగగానే తలుపు అంచున కూర్చుని కాళ్ళతో నెట్టాలి. వానాకాలపు మబ్బుల్లో విమానం కిందికీ పైకీ ఊగుతుంటే ఇదంతా చేయాలి.

విమానాల్లో కంచరగాడిదలను మోశారా?

మోశారు. 1944 మార్చిలో బ్రిటిష్ సైన్యపు చిండిట్ దళాలు శత్రు భూభాగం వెనక దిగినప్పుడు, మొదట ఇంజన్ లేని గ్లైడర్లలో దిగినవారు ఒక్క రోజులోనే అడవి మైదానాన్ని చదును చేశారు. తర్వాత డకోటాలు దిగి మనుషులతో పాటు కంచరగాడిదలను కూడా దించాయి. వెదురు గడలతో విమానంలో చిన్న కొట్టాలు కట్టి వాటిని నిలబెట్టేవారు. జంతువు బెదిరి గోడలు తన్నడం మొదలుపెడితే విమానానికే ముప్పు కనుక, తోలేవాడికి దాన్ని కాల్చేసే అనుమతి ఉండేది. చాలా జంతువులు మాత్రం మనుషుల కంటే నిబ్బరంగా ప్రయాణం చేశాయని అంటారు.

హిమాలయాల మీదుగా చైనాకు సరకు చేరవేసింది డకోటాలేనా?

మొదలుపెట్టింది అవే, ఎక్కువ మోసింది మాత్రం అవి కాదు. 1942లో జపాన్ బర్మా రోడ్డును తెంచాక, అస్సాంలోని దింజన్, చబువా వంటి చోట్ల నుంచి చైనాలోని కున్మింగ్‌కు విమానాలు నడిచాయి. పైలట్లు ఆ కొండల వరుసను హంప్, అంటే మూపురం అనేవారు. నిండు బరువుతో అంత ఎత్తుకు ఎగరడం డకోటాకు భారమైంది. అందుకే 1943 నుంచి పెద్ద కర్టిస్ సి-46 విమానాలు, తర్వాత నాలుగు ఇంజన్ల సి-54లు ఎక్కువ భారం తలకెత్తుకున్నాయి. మొత్తం 6,50,000 టన్నుల సరకు ఆ దారిలో చైనా చేరింది. వందలాది విమానాలు తిరిగి రాలేదు. లోయల్లో మెరిసే శకలాలను చూసి పైలట్లు ఆ మార్గాన్ని అల్యూమినియం దారి అన్నారు.

శత్రువుల దగ్గర కూడా ఈ విమానం ఉండేదంటారు?

ఉండేది. యుద్ధానికి ముందే జపాన్ లైసెన్స్ కొని ఎల్2డీ పేరుతో దీనిని తయారు చేసింది. సోవియట్ యూనియన్ కూడా లైసెన్స్ తీసుకుని లి-2 పేరుతో వేలల్లో తయారు చేసింది. దాంతో పసిఫిక్‌లో ఒకే ఆకారం గల విమానాలు రెండు పక్షాల్లోనూ ఎగిరి ఇరుపక్షాల తుపాకీదారులను తికమక పెట్టాయి.

1947లో శ్రీనగర్‌ను కాపాడింది డకోటాలేనా?

సైనికులు కాపాడారు, వారిని సమయానికి చేర్చింది డకోటాలు. పాకిస్తాన్ వైపు నుంచి కాశ్మీర్ మీద దాడి జరుగుతుండగా అక్టోబర్ 26న మహారాజా హరిసింగ్ విలీన పత్రం మీద సంతకం చేశారు. 27 తెల్లవారుజామున లెఫ్టినెంట్ కర్నల్ దేవాన్ రంజిత్ రాయ్ నాయకత్వంలోని సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్‌ను ఎక్కించుకుని ఢిల్లీ నుంచి డకోటాలు బయలుదేరాయి. వైమానిక దళం 12వ స్క్వాడ్రన్‌కు ఉన్న విమానాలు చాలవు కనుక పౌర సంస్థల డకోటాలను రప్పించి, ప్రయాణికుల సీట్లు పీకేసి సైనికులను ఎక్కించారు. శ్రీనగర్ విమానాశ్రయం ఎవరి చేతుల్లో ఉందో బయలుదేరేటప్పుడు తెలియదు. దిగే వీలు లేకపోతే జమ్మూకు మళ్ళమని చెప్పి పంపారు. మట్టి రన్‌వే మీద ఒకదాని వెంట ఒకటి దిగుతుంటే లేచిన దుమ్ములో తర్వాతి విమానం పైలట్‌కు నేల కనిపించేది కాదు. కర్నల్ రాయ్ బారాముల్లా వైపు వెళ్ళి శత్రువును నిలువరిస్తూ అదే రోజు వీరమరణం పొందారు. నవంబర్ 3న బడ్గాం దగ్గర మేజర్ సోమనాథ్ శర్మ దళం ప్రాణాలొడ్డి అడ్డుకోకపోతే ఆ రన్‌వేకు ముప్పు ఏర్పడేది. ఆయనకు వచ్చినదే దేశంలో తొలి పరమవీర చక్ర.

పూంచ్, లేహ్ గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్ వల్ల. శత్రువు చుట్టుముట్టిన పూంచ్ పట్టణంలో సైనికులు, స్థానికులు, శరణార్థులు కలిసి చిన్న రన్‌వేను చదును చేశారు. 1947 డిసెంబర్‌లో అక్కడ డకోటా దిగింది. చుట్టూ కొండల మీది నుంచి కాల్పులు జరుగుతున్నా ఫిరంగులు దించారు, తిరుగు ప్రయాణంలో శరణార్థులను తీసుకుపోయారు. డకోటా తలుపులోంచి బాంబులను చేతులతో దొర్లించి వేసింది కూడా ఈ యుద్ధంలోనే.

లేహ్ కథ ఇంకా సాహసమైనది. పట్టణం ఎత్తు 11,500 అడుగులు, దారిలో కొండలు అంతకంటే ఎంతో ఎత్తు. డకోటాలో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేదు, ఆ దారికి సరైన పటాలు లేవు. సోనమ్ నోర్బు అనే ఇంజనీరు స్థానికుల సాయంతో సింధు నది ఒడ్డున నేల చదును చేయించాడు. 1948 మే 24న మెహర్ సింగ్ అక్కడ డకోటా దించారు. తన పక్కన మేజర్ జనరల్ తిమ్మయ్యను కూర్చోబెట్టుకున్నారు. సేనాపతే ఎక్కిన విమానం దిగిందంటే మిగిలిన పైలట్లకు అనుమానం ఎందుకు ఉంటుంది? మెహర్ సింగ్‌కు మహావీర చక్ర లభించింది.

హైదరాబాద్‌తో డకోటాకు సంబంధం ఉందా?

ఉంది. 1945లో నిజాం ప్రభుత్వం ప్రధాన భాగస్వామిగా, టాటాల సహకారంతో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలనే నడిపింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం మన దేశంలో వదిలేసిన విమానాలు చవకగా దొరికేవి, వాటిని బాగుచేసే నైపుణ్యం బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో ఉండేది. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా గుర్తింపు పొందిన ప్రేమ్ మాథుర్‌కు ఎన్నో సంస్థలు కాదన్నాక 1947లో ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. 1953లో జాతీయకరణ జరిగి అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇక 1948లో నిజాంకు దొంగచాటుగా ఆయుధాలు తెచ్చింది డకోటాలని కొందరు చెబుతుంటారు. అది పొరపాటు. ఆస్ట్రేలియాకు చెందిన సిడ్నీ కాటన్ కరాచీ నుంచి నడిపినవి నాలుగు ఇంజన్ల లాంకాస్ట్రియన్ విమానాలు.

ఇండోనేషియా స్వాతంత్ర్యంతో బిజూ పట్నాయక్ డకోటాకు ఉన్న సంబంధం ఏమిటి?

1947 జూలైలో డచ్చివారు దాడి మొదలుపెట్టినప్పుడు, నెహ్రూ కోరిక మీద బిజూ పట్నాయక్ భార్య జ్ఞానవతితో కలిసి డకోటాలో వెళ్ళి, ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను రహస్యంగా బయటికి తీసుకొచ్చారు. అదే నెల 29న మందులు తీసుకుపోతున్న మరో డకోటాను డచ్ యుద్ధ విమానాలు యోగ్యకర్త దగ్గర కూల్చేశాయి.

బెర్లిన్ పిల్లలకు మిఠాయిలు వేసిన విమానం ఇదేనా?

కాదు. 1948 జూన్‌లో సోవియట్లు బెర్లిన్ దారులు మూసినప్పుడు తొలి సరకు తెచ్చింది సి-47లే. అయితే ఒక్కొక్కటి మూడు టన్నులే మోసేది, నగరానికి అది ఏ మూలకూ చాలదు. త్వరలోనే పది టన్నులు మోసే సి-54లు వాటి స్థానంలోకి వచ్చాయి. మిఠాయిలు వేసిన అమెరికన్ పైలట్ గెయిల్ హాల్వర్సన్ నడిపింది కూడా సి-54నే.

యుద్ధ విమానంగా ఎప్పుడైనా వాడారా?

వియత్నాంలో 1960ల మధ్యలో అమెరికా ఎడమవైపు మూడు వేగవంతమైన మెషిన్‌గన్లు బిగించి ఏసీ-47గా మార్చింది. విమానం గుండ్రంగా తిరుగుతూ ఒకే బిందువు మీద కాల్పులు కురిపించేది. మన వైమానిక దళం విషయానికి వస్తే, 1971 డిసెంబర్ 11న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర రెండో పారా బెటాలియన్‌ను దించడానికి ఏఎన్-12, ప్యాకెట్, కారిబూ అనే రవాణా విమానాలతో పాటు డకోటాలు కూడా వెళ్ళాయి. అప్పటికి అవి పాతిక దాటిన ముసలి విమానాలు. దిమాపూర్‌లో మొదలైన బంగ్లాదేశ్ తొలి వైమానిక దళానికి ఉన్న మూడు రకాల్లోనూ ఒకటి డకోటానే.

సైనికాధికారులు దీన్ని నిజంగా అంత విలువైనదిగా భావించారా?

ఐరోపాలో మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ యుద్ధం తర్వాత రాస్తూ, తమ విజయానికి అత్యంత కీలకమైన సామగ్రిలో బుల్డోజర్‌ను, జీపును, రెండున్నర టన్నుల ట్రక్కును, సి-47ను చేర్చాడు. వీటిలో ఏదీ పోరాటానికి చేసినది కాకపోవడం విచిత్రమని కూడా అన్నాడు. రోడ్డు వేసేది, మనిషిని మోసేది, సరకు మోసేది: ఆయన జాబితాలో ఎంత మామూలు పనిముట్లు ఉన్నాయో గమనించండి.

ఇప్పటికీ ఎగిరే డకోటాలు ఉన్నాయా?

ఉన్నాయి. అమెరికాలోని ఆష్‌కాష్‌లో బాస్లర్ సంస్థ పాత విమానాలకు టర్బోప్రాప్ ఇంజన్లు బిగించి బీటీ-67గా మారుస్తుంది. అవి అంటార్కిటికాలో శాస్త్రవేత్తలను మోస్తున్నాయి. నార్మండీ దాడికి ముందువరుసలో వెళ్ళిన సి-47 కూడా అలా రూపం మారబోతూ అక్కడే బయటపడింది, దాన్ని గుర్తించి యథాతథంగా బాగుచేశారు.

మన వైమానిక దళానికి చెందిన ఎగిరే డకోటా పేరు పరశురామ. ఐర్లండ్‌లో తుక్కుగా మిగిలిన విమానాన్ని 2011లో రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో బాగుచేయించి వైమానిక దళానికి బహూకరించారు. ఆయన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ ఒకప్పుడు డకోటాలు నడిపినవారు. అది 2018లో పలు దేశాల్లో ఆగుతూ, తన ఇంజన్లతో తానే ఎగిరి జామ్‌నగర్ చేరింది, మే నెలలో హిండన్‌లో లాంఛనంగా దళంలో చేరింది. దాని తోక దగ్గర వీపీ 905 అని రాసి ఉంటుంది. 1947 అక్టోబర్ 27న సిక్కు సైనికులతో శ్రీనగర్‌లో దిగిన డకోటా సంఖ్య అది.